సవరణ: ఆంధ్ర నుంచి స్పీకర్లు ఇద్దరు కాదు, ముగ్గురు

ఆంధ్ర నుంచి గెలిచి లోక్‌సభ స్పీకర్ అయినవాళ్లు నీలం సంజీవరెడ్డి, బాలయోగి ఇద్దరేనని మొన్నటి పోస్టులో రాశాను. తప్పు. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో టీ తాగుతుంటే ఒక రిటైర్డ్ మాస్టారు, 'అయ్యంగార్‌ని ఎక్కడ వదిలేశావు బాబూ?' అని పట్టుకున్నారు.

నిజమే. మాడభూషి అనంతశయనం అయ్యంగార్ ముందు డిప్యూటీ స్పీకర్. 1956లో అప్పటి స్పీకర్ మావలంకర్ చనిపోయాక స్పీకర్ అయి, 1962 దాకా ఉన్నారు. మొదట తిరుపతి, తర్వాత చిత్తూరు ఎంపీ. ఇంత పెద్దాయన్ని ఎలా మర్చిపోయానో!

సంజీవరెడ్డి గారికి '1967–69' అని మాత్రమే వేశాను. 1977లో నంద్యాల నుంచి గెలిచి మళ్లీ స్పీకర్ అయ్యారు, కానీ కొన్ని నెలలే. జులైలో రాజీనామా చేసి రాష్ట్రపతి అయ్యారు. బాలయోగి తేదీలు (1998–2002) సరిగానే ఉన్నాయి.

కామెంట్లలో మన శ్రీకాకుళం నాయకురాలు ప్రతిభా భారతి గారి పేరు కూడా చేర్చమన్నారు. ఆవిడ 1999లో స్పీకర్ అయింది రాష్ట్ర అసెంబ్లీకి. లోక్‌సభకి తొలి మహిళా స్పీకర్ మీరా కుమార్, 2009లో. అందుకే చేర్చలేదు, జిల్లావాళ్లు కోప్పడకండి.

పాత పోస్టులో జాబితా మార్చేశాను.