బావగారి విక్టోరియా కుర్చీలు

ఇంగ్లండులో రెడింగ్ అనే ఊళ్ళో ఉంటున్న మా బావకి ఈమధ్య వేలంవెర్రి పట్టుకుంది. శనివారం వచ్చిందంటే ఎక్కడో ఓ వేలంపాటలో చెయ్యెత్తందే తోచదు. అలా చెయ్యెత్తి తెచ్చుకున్నవే విక్టోరియా రాణి కాలంనాటి వాల్‌నట్, అంటే అక్రోటు చెక్క, కుర్చీల జత. పాడిన ధరకి అక్క ఊరుకుంది. దానిమీద వేలంవాళ్ళ కమిషను, ఆ కమిషను మీద పన్ను, వ్యాను బాడుగ కూడాక బావతో మాట్లాడ్డం మానేసింది.

నగిషీ చూస్తే మాత్రం కొన్నవాడిని ఏమీ అనబుద్ధి కాదు. వీపు ఆనే చోట పైన గులాబీలు, చేతుల కొసన ద్రాక్షగుత్తులు. ఒక్కో పండూ విడివిడిగా వేలికి తగులుతుంది. పెద్దది మగవారికట. పొట్టి చేతులున్న చిన్నది ఆడవాళ్ళకి, అప్పటి గంపంత గౌన్లు పట్టాలని. "నేను నైటీలో ఉంటాను, ఆ పెద్దది ఇటు జరపండి" అంది అక్క.

ఇంటికొచ్చిన వాళ్ళెవరికైనా సరే, పార్శిల్ కుర్రాడితో సహా, బావ ఉపన్యాసం తప్పదు. 1709 చలికి ఫ్రాన్సులో వాల్‌నట్ చెట్లు మాడిపోవడం, 1720లో వాళ్ళు ఎగుమతి ఆపెయ్యడం, ఇంగ్లీషువాళ్ళు మహాగనీ చెక్కకి మళ్ళడం, మళ్ళీ విక్టోరియా కాలంలో వాల్‌నట్‌కి మంచిరోజులు రావడం.

రాజమండ్రి నుంచి వచ్చిన వాళ్ళమ్మగారికి ఇదేమీ ఎక్కలేదు. "ఎవరు పోతే అమ్మేశారో నాయనా! పైగా ఈ చిల్లులేవిట్రా?"

"అవే దీనికి సర్టిఫికెట్టమ్మా. డ్రిల్లు పెట్టి పొడిస్తే చిల్లు తిన్నగా పోతుంది. పురుగైతే వంకరటింకరగా తొలుస్తుంది."

ఆవిడ కాలి దగ్గర వేలితో రాసి, అంటిన పొడి చూపించారు. "మరి ఈ సర్టిఫికెట్టు ఇంకా రాస్తూనే ఉన్నట్టుందే!"

సత్యనారాయణ వ్రతం నాడు తాంబూలానికి పంతులుగారిని ఆ పెద్ద కుర్చీలోనే కూర్చోబెట్టాడు బావ. ఆయన మర్యాదకి "మెత్తగా ఉందండీ" అన్నారు. అక్కడితో వదిలెయ్యొచ్చుగా! "స్పాంజి కాదండీ, అసలు సిసలు గుర్రపు వెంట్రుకలు!" అన్నాడు బావ.

పంతులుగారు ఒక్క ఉదుటున లేచారు. ఉత్తరీయం కుచ్చు ద్రాక్షగుత్తికి తగులుకుంది. కుర్చీ కాళ్ళకి ఇత్తడి చక్రాలు, కింద నున్నటి చెక్క ఫ్లోరు. ఆయన గుమ్మం వైపు నడిస్తే కుర్చీ వెనకాలే నడిచింది. ఆయన వేగం పెంచితే అదీ పెంచింది. పిల్లలు కేరింతలు. బావ మాత్రం "నెమ్మదండీ, ద్రాక్ష! ద్రాక్ష!" అని వెంటపడ్డాడు. పక్కింటావిడ ప్రసాదంలో ద్రాక్షలు కూడా ఉన్నాయేమో అనుకుని దోసిలి పట్టింది.

టప్‌మని ఒక పండు ఊడి సోఫా కిందికి దొర్లింది. పంతులుగారికి విముక్తి, దక్షిణతో పాటు కొత్త ఉత్తరీయం ఖర్చు మాకు. బావ పట్టుపంచెతోనే బోర్లా పడుకుని సోఫా కింద టార్చి కొడుతున్నాడు.

"కొత్తది చెక్కించెయ్ బావా" అన్నాను.

"విలువ పడిపోతుందిరా! అసలు పండే అతికించాలి. అదీ ఆ కాలపు జిగురుతో. పశువుల తోలు ఉడకబెట్టి తీస్తారు చూడు..."

వాళ్ళమ్మగారు అప్పటికే పసుపునీళ్ళ చెంబు పట్టుకుని కుర్చీ మీదికి వస్తున్నారు. బావ పండు సంగతి వదిలేసి, పాలిష్ పాడవుతుందని కేకలేస్తూ ఆవిడకి అడ్డం పరిగెత్తాడు.