నియర్ మింట్ గారికి ఒక విన్నపం

నియర్ మింట్ గారూ, నమస్కారం.

పాత రికార్డుల బజారులో 'దాదాపు కొత్తదే' అని చెప్పే గ్రేడు మీరు. సోల్, ఫంక్ అనే అమెరికన్ నల్లజాతి సంగీతపు ఎల్‌పీ రికార్డులు అమ్మేవాళ్లు కవరు మీద మీ పేరు రాస్తే చాలు, ధర అమాంతం పైకి పోతోంది. పక్కనే ఉన్న వీజీ (వెరీ గుడ్, అంటే వాడిన గుర్తులున్న) కాపీలో కూడా అవే పాటలు, అదే ఏడాది, అదే ఫ్యాక్టరీ. అయినా దాని మొహం చూసేవాడు లేడు. ఇంతకీ మీరు చేసిన ఘనకార్యం ఏమిటయ్యా అంటే, యాభై ఏళ్లుగా మిమ్మల్ని ఎవరూ సరిగ్గా వినకపోవడం!

1972లో ఫంక్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ రికార్డు కొని, ఒక్కసారి పెట్టి, మళ్లీ ముట్టుకోని మనిషిని ఏమంటాం? ఆ పాటలు నచ్చలేదు పాపం అంటాం. నచ్చినవాళ్లు శనివారం రాత్రి పార్టీకి చంకలో పెట్టుకుని పోయారు. ఎవరిది ఎవరిదో కలిసిపోకుండా లేబుల్ మీద బాల్‌పెన్నుతో పేరు రాసుకున్నారు. ఇవాళ ఆ పేరే పెద్ద దోషం. మీ భక్తులు రికార్డుని బల్బు కింద అటూ ఇటూ వంచి, ఒంటికన్నుతో చూసి, "లేబుల్ మీద రాత ఉంది, అట్ట మీద రింగు పడింది, అంచు చిట్లింది" అని నిట్టూరుస్తారు. డాన్స్ చేయించడానికే పుట్టిన సరుకు, డాన్స్ చేయించిన ఆనవాళ్లు కనిపిస్తే మాత్రం రేటు తగ్గిపోతుంది.

న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ ఎవెన్యూలో, 1973 ఆగస్టు 11న కూల్ హెర్క్ అనే కుర్రాడు ఒక పార్టీకి పాటలు పెట్టాడు. గొంతులు ఆగిపోయి డ్రమ్ములు మాత్రమే మోగే ఆ కాస్త ముక్క కోసమే జనం కాచుకుని ఉంటున్నారని కనిపెట్టింది అతనే. అందుకని ఒకే రికార్డు రెండు కాపీలు పెట్టుకుని, ఒకదాంట్లో ఆ ముక్క అయిపోగానే రెండోదాంట్లో అదే చోట సూది దించేవాడు. మళ్లీ మళ్లీ అక్కడే. గాడి అరగదా మరి? పైగా ఏ రికార్డు వాడుతున్నాడో పోటీవాళ్లకి తెలియకూడదని లేబుళ్లు నీళ్లలో నానబెట్టి పీకేశాడు. మీకు కళ్లు తిరుగుతున్నట్టున్నాయి, కాస్త కూర్చోండి. హిప్‌హాప్ పుట్టింది అలా అరగదీసిన రికార్డుల మీదే. మీరు అక్కడ కాపలా ఉండుంటే ఆ సూది కిందికి దిగేదే కాదు.

డబ్బు సంగతి కూడా ఒక్క మాట. 1970లో వచ్చిన జేమ్స్ బ్రౌన్ పాట 'ఫంకీ డ్రమ్మర్'లో డ్రమ్మర్ క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ వాయించిన ముక్కని తర్వాత వందలాది పాటల్లో వాడుకున్నారు. పాట రాసింది జేమ్స్ బ్రౌన్ అని ఉంది కాబట్టి డ్రమ్మర్‌కి రాయల్టీ రాలేదు. 2017లో ఆయన పోయాడు. సొమ్మొకడిది, సోకొకడిది. ఆ సోకులో ఇప్పుడు మీదీ ఒక వాటా.

అన్నిటికంటే కడుపు మండేది 'టాకింగ్ బుక్' గురించి. చూపులేని గాయకుడు స్టీవీ వండర్ 1972 ఆల్బమ్ అది. తొలి ముద్రణల అట్టకి బ్రెయిలీ చుక్కలు పెట్టారు, వేళ్లతో తడిమి చదువుకోమని. తర్వాత తీసేశారు. అందుకే పాత కాపీలకి అంత గిరాకీ. అంత గిరాకీ కాబట్టి దాన్ని ప్లాస్టిక్ కవర్లో దించి, చుక్కలు అణిగిపోతాయి ముట్టుకోవద్దంటారు! పెళ్లినాటి పట్టుచీరైనా ఏడాదికోసారి బీరువాలోంచి బయటికొస్తుందండీ.

అయినా మిమ్మల్ని ఉత్త చేతులతో పంపను. స్లై అండ్ ద ఫ్యామిలీ స్టోన్ అనే ఫంక్ బృందం 1971లో తెచ్చిన 'దేర్స్ ఎ రయట్ గోయిన్ ఆన్' మీ దగ్గర ఉండే ఉంటుంది. మొదటి వైపు చివర, టైటిల్ పాట ఎదురుగా నిడివి 0:00 అని వేశారు. అది వినడానికి సూది పెట్టక్కర్లేదు, గీత పడే భయం లేదు, కవరు కూడా విప్పక్కర్లేదు. తనివితీరా వినండి.

ఇట్లు,
వీజీ కాపీల వీరాభిమాని