కుడివైపు కింది మూల

"మీ ఇంటి కంప్యూటర్‌లో ఏ యాంటీవైరస్ ఉంది బావా?" అని మా బావమరిది అడిగినప్పుడు, "ఏదో ఒకటి ఉండే ఉంటుందిలే" అన్నాను. ఇంటికి తలుపులున్నాయా అని అడిగితే చూసి చెబుతానన్నవాణ్ణి ఎలా చూస్తారో, నన్ను అలా చూశాడు. ఆ చూపు మూడు వారాలపాటు నాకు కంటి మీద కునుకు లేకుండా చేసింది.

మా బావమరిదిది డబ్బు కట్టే పక్షం. "ఊరికే వచ్చినవాడు కాపలా కాయడు బావా, కన్నం ఎక్కడ వేయాలో చూసుకుంటాడు" అన్నది అతని సిద్ధాంతం. ఏటా చందా కట్టి పెద్ద ప్యాకేజీ ఒకటి వాడుతున్నాడు. అందులో వైరస్‌లను పట్టడం ఒక్కటే కాదు, నెట్‌లో మన జాడ దాచే వీపీఎన్ ఉంది, పాస్‌వర్డ్‌లు దాచుకునే పెట్టె ఉంది, పిల్లలు ఏమి చూస్తున్నారో కనిపెట్టే ఏర్పాటు ఉంది, ఐదు పరికరాలకు అనుమతి ఉంది. వీటిలో ఎన్ని వాడుతున్నావని అడిగాను. ప్రస్తుతానికి ఐదు పరికరాలు సమకూర్చుకునే పనిలో ఉన్నానన్నాడు. పాస్‌వర్డ్‌లు ఇప్పటికీ డైరీ చివరి పేజీలోనే రాసుకుంటాడు. ఆ పాస్‌వర్డ్ పెట్టె తాలూకు పాస్‌వర్డ్ కూడా అక్కడే ఉంది.

ఆఫీసులో నా పక్క కుర్చీ ఆయన ఉచిత పక్షం. "ఒకే సంస్థ ఊరికే ఇచ్చేదానిలోనూ, డబ్బుకు ఇచ్చేదానిలోనూ వైరస్‌ను పట్టే యంత్రాంగం చాలావరకు ఒకటేనండీ. మీరు కట్టేదంతా దాని నగలకు" అంటారు. ఆయన దగ్గర లెక్కలు కూడా ఉన్నాయి. జర్మనీలో ఏవీ-టెస్ట్ అని, ఆస్ట్రియాలో ఏవీ-కంపారిటివ్స్ అని యాంటీవైరస్‌లకు పరీక్షలు పెట్టే సంస్థలున్నాయట. మొదటిది రక్షణకు 6, వేగానికి 6, వాడుకలో సౌలభ్యానికి 6, మొత్తం 18 మార్కులకు దిద్దుతుంది. విండోస్‌తోపాటే వచ్చే డిఫెండర్‌కు 18కి 18 వచ్చిన సందర్భాలు చాలానే ఉన్నాయని చెప్పి, "మీ అమ్మాయికి ఎప్పుడైనా వచ్చాయా అన్నేసి మార్కులు?" అని అక్కర్లేని మాట ఒకటి చేర్చారు.

అక్కడితో ఆగి డిఫెండర్ సంగతి ఏమిటో చూసుకుని ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు. కానీ అడగకుండానే ఇంట్లో ఉన్నదాని మీద మనిషికి గౌరవం ఎక్కడ ఉంటుంది? నేను పరిశోధన మొదలుపెట్టాను.

రాత్రి భోజనాలయ్యాక కూర్చుని, 'ఉచితమా, డబ్బుదా' అన్న వ్యాసాలు దొరికినవన్నీ చదివాను. చరిత్ర కూడా వదల్లేదు. 1971లో, ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన అర్పానెట్‌లో క్రీపర్ అనే ప్రోగ్రామ్ ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి పాకుతూ, "నేను క్రీపర్‌ని, చేతనైతే పట్టుకో" అని రాసిపోయేదట. దాన్ని వెతికి చెరిపేయడానికి రీపర్ అనే మరో ప్రోగ్రామ్ పుట్టింది. ప్రపంచంలో తొలి యాంటీవైరస్ అదేనంటారు. దానికి ఎవరూ చందా కట్టలేదు. ఉచిత పక్షానికి ఒక మార్కు వేసుకున్నాను. 1986లో లాహోర్‌కు చెందిన ఇద్దరు అన్నదమ్ములు రాసిన బ్రెయిన్ అనే వైరస్ ఫ్లాపీల మీద ఊళ్ళు తిరిగింది. అందులో వాళ్ళ పేర్లు, చిరునామా, ఫోను నంబర్లు కూడా ఉండేవి. ఆ రోజుల్లో వైరస్‌కు కూడా ఎంత మర్యాద అనుకున్నాను. ఎవరు పంపారో చెప్పే వచ్చేది.

ఈ వ్యాసాలు ఉన్న చోట్లకు వెళ్ళడం మాత్రం అంత సులువు కాదు. ఒకటి కుకీలకు ఒప్పుకోమంది. ఒకటి ఈమెయిల్ ఇస్తేనే రెండో పేజీ చూపిస్తానంది. ఒకటి నేను రోబోను కానని రుజువు చేసుకోవడానికి 'అనుమతించు' నొక్కమంది. ఇంకొకటి నా అభిప్రాయానికి ఎన్ని నక్షత్రాలో చెప్పమంది. పెళ్ళిచూపుల్లో కూర్చున్నవాడిలా అన్నిటికీ తలూపాను.

మూడో రోజు పొద్దున, కరెంటు బిల్లు కడుతుండగా, తెరకు కుడివైపు కింది మూలలో, గడియారానికి కాస్త పైన, ఎర్రటి పెట్టె ఒకటి జర్రున పైకి జారింది. 'మీ యాంటీవైరస్ గడువు ముగిసింది. 3 వైరస్‌లు దొరికాయి.' గుండె ఆగినంత పనైంది. గడువు ముగిసిందంటే ఇన్నాళ్ళూ ఒకటి ఉండేదన్నమాట! ఉన్నప్పుడు దాని విలువ తెలుసుకోలేదే అని బాధ కూడా వేసింది.

ఆ సాయంత్రమే ఉచితమైనది దించి పెట్టాను. పెడుతున్నప్పుడు నాలుగు చోట్ల ముందే టిక్కు పెట్టిన గళ్ళు వచ్చాయి. మూడింటిని చూసి తీసేశాను. నాలుగోది చూడలేదు. అందువల్ల యాంటీవైరస్‌తోపాటు కొత్త బ్రౌజర్ ఒకటి అతిథిగా వచ్చి, అన్ని లింకులూ ఇకపై తానే తెరుస్తానని పెత్తనం తీసుకుంది. పోనీలే అనుకున్నాను. ఉచితమైతే ఫినాయిలైనా తాగేవాడికి ఒక బ్రౌజర్ లెక్కా?

మొదటి స్కాన్ గంటన్నర సాగింది. వైరస్ ఒక్కటీ దొరకలేదు. అది దానికే నామోషీ అనిపించిందేమో, ఇతర నేరాలు వెతకడం మొదలుపెట్టింది. నా కంప్యూటర్‌లో అనవసరమైన ఫైళ్ళు వందల్లో ఉన్నాయంది. తీసేయమంటే, దానికి డబ్బు కట్టాలంది. మర్నాడు, 'మీ ఐపీ చిరునామా అందరికీ కనిపిస్తోంది!' అని ఆశ్చర్యార్థకంతో అరిచింది. కంగారుపడి పక్క కుర్చీ ఆయనకు ఫోను చేశాను. "కనిపించకపోతే మీరు అడిగిన పేజీ మీ ఇంటికి ఎలా వస్తుందండీ? ఇంటి నంబరు గుమ్మం మీద ఉందని భయపెట్టినట్లుంది" అన్నారు. అదంతా వీపీఎన్ అంటగట్టే ఎత్తట.

ఇంత హడావిడిలోనూ ఆ ఎర్ర పెట్టె మాత్రం రావడం మానలేదు. 3 వైరస్‌లు 9 అయ్యాయి. ఉచిత కాపలాదారు పక్కనే కూర్చుని 'అంతా క్షేమం' అంటున్నాడు. వాడి ఎదురుగానే ఎర్ర పెట్టె '9' అంటోంది. కళ్ళెదుటే దొంగలు తిరుగుతుంటే కనిపించని కాపలాదారు ఎందుకు? బావమరిది మాటే నిజమనిపించింది. డబ్బు కట్టేదాన్నే 30 రోజుల ట్రయల్‌కు తెచ్చాను. ట్రయల్ ఉచితమే అయినా కార్డు వివరాలు ముందే తీసుకుంది. అమ్మాయి నచ్చకపోయినా కట్నం ముందే పుచ్చుకున్నట్లు.

పెట్టబోతుండగా అది మర్యాదగానే హెచ్చరించింది: 'ఈ కంప్యూటర్‌లో ఇప్పటికే మరో యాంటీవైరస్ ఉంది. ముందు దాన్ని తొలగించండి.' నేను నవ్వుకున్నాను. ఒకరు కునుకు తీస్తే మరొకరు మెలకువగా ఉంటారు కదా! 'అలాగే కొనసాగించు' నొక్కాను.

ఒకే ఒరలో రెండు కత్తుల సంగతి చిన్నప్పుడు చదువుకున్నదే. కంప్యూటర్‌కు కూడా ఒర ఉంటుందని తట్టలేదు. ఏ ఫైలు తెరిచినా మొదటిది దాన్ని ఆపి తనిఖీ చేస్తుంది. ఆ తనిఖీ కోసం అది ఫైలును ముట్టుకోగానే, ఎవరో ఫైలు ముట్టుకున్నారని రెండోది ఆపుతుంది. ఒక ఉత్తరం తెరవమని చెప్పి స్నానానికి వెళ్ళి వచ్చేసరికి, తెర మీద ఇసుక గడియారానికి వారసుడైన ఆ నీలం చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది. లోపలి ఫ్యాను విమానం లేవబోతున్నట్లు మోగుతోంది. మా ఆవిడ వచ్చి విని, "ఏమండీ, మిక్సీ మీరు వేశారా?" అంది.

ఇద్దరిలో ఎవరు సమర్థులో తేల్చాలని ఒక పరీక్ష కూడా పెట్టాను. యాంటీవైరస్ పనిచేస్తోందో లేదో చూడడానికే తయారుచేసిన ఐకార్ అనే నమూనా ఒకటుంది. సరిగ్గా 68 అక్షరాలు. ఏ హానీ చేయదు. అయినా ప్రతి యాంటీవైరస్ దాన్ని వైరస్‌గా గుర్తించాలని ఒప్పందం. నోట్‌ప్యాడ్‌లో ఆ 68 అక్షరాలూ అతికించి సేవ్ చేశాను. వెంటనే ఇద్దరూ దూకారు. 'ప్రమాదాన్ని బంధించాను' అని ఒక పెట్టె. 'ప్రమాదాన్ని తొలగించలేకపోయాను, దాన్ని మరో ప్రోగ్రామ్ వాడుతోంది' అని దాని మీద ఇంకో పెట్టె. మళ్ళీ మొదటిది. మళ్ళీ రెండోది. దొంగను చెరో చేయి పట్టుకుని నాకంటే నాకని లాగుతున్న ఇద్దరు పోలీసుల మధ్య, ఏ పాపమూ ఎరుగని ఆ 68 అక్షరాలు పావుగంట నలిగాయి. చివరికి కరెంటు తీసేసి నేనే విడిపించాను.

మా ఆవిడ నాలుగేళ్ళుగా ఇంటి లెక్కలు రాస్తున్న ఎక్సెల్ ఫైలు మర్నాడు మాయమైంది. అందులో తమ్ముడి చేత రాయించుకున్న మాక్రో ఒకటి ఉంది, నెలాఖరుకు కూడికలన్నీ అదే చేసిపెడుతుంది. డబ్బు తీసుకునే కాపలాదారుకు అది అనుమానాస్పదంగా తోచి, ఫైలును క్వారంటైన్‌లో, అంటే అనుమానితులను విడిగా బంధించే గదిలో వేసింది. ఇలాంటివి పెద్ద ఎత్తున కూడా జరిగాయని ఓదార్చబోయాను. 2010 ఏప్రిల్‌లో ఒక పేరున్న యాంటీవైరస్, విండోస్ ఎక్స్‌పీకి ప్రాణాధారమైన ఎస్‌వీసీహోస్ట్ అనే ఫైలునే వైరస్ అనుకుని పట్టుకుంది, ఎన్నో కంప్యూటర్లు లేవడం మానేసి పడుకున్నాయి అని చెప్పాను. ఆవిడ అంతా విని, "వాళ్ళ సంగతి నాకెందుకండీ, నా లెక్కలు తెచ్చిపెట్టండి" అంది. క్వారంటైన్ జాబితా ఎక్కడుందో వెతికి, ఫైలును విడిపించి, 'దీన్ని ఇక ముట్టుకోవద్దు' అని మినహాయింపు రాసేసరికి అర్ధరాత్రి దాటింది.

అప్పటికి ఆ కుడివైపు కింది మూల సంతలా తయారైంది. ఉచితమైనది 'ఈ రోజే కొంటే సగం ధర' అంటుంది. ట్రయల్‌ది 'ఇంకా 19 రోజులే' అంటుంది. వాటి భుజాల మీదుగా ఎర్ర పెట్టె తొంగిచూసి '17 వైరస్‌లు' అంటుంది. ముగ్గురిదీ ఒకే గొంతు, ఒకే ఎరుపు, ఒకే ఆశ్చర్యార్థకం. ముగ్గురూ చివరికి చెప్పేది ఒకటే: కట్టు. కరెంటు బిల్లు చెల్లించే బొత్తాం సరిగ్గా వీళ్ళ వెనకే ఉండడంతో దానికి గడువు దాటి జరిమానా పడింది. ఇన్ని వారాల్లో నాకు జరిగిన ఆర్థిక నష్టం అదొక్కటే. వైరస్‌కు దానితో ఏ సంబంధమూ లేదు.

ఒక ఆదివారం ఇక ఓర్చుకోలేక, ఎర్ర పెట్టె మీద నొక్కి, కార్డు తీసి, పదహారు అంకెల్లో పన్నెండు కొట్టాను. ప్రింటు తీసుకుందామని వచ్చిన మా అమ్మాయి వెనక నిలబడింది.

"ఎవరికి కడుతున్నారు నాన్నా?"

"యాంటీవైరస్‌కు. గడువు ముగిసింది."

"ఏ యాంటీవైరస్?"

ఆలోచించాను. మూడు వారాలుగా ఈ ప్రశ్న నాకు తట్టలేదు. ఇంతలో మూలన ఎర్ర పెట్టె మళ్ళీ లేచింది. అమ్మాయి తెరకు ముక్కు ఆనించినంత దగ్గరగా వంగింది. "అడుగున చిన్న అక్షరాల్లో బ్రౌజర్ పేరుంది చూడండి. దాని పక్కన ఏదో వెబ్‌సైటు చిరునామా. ఇది యాంటీవైరస్ కాదు నాన్నా, బ్రౌజర్ నోటిఫికేషన్. ఎవరో 'అనుమతించు' నొక్కి ఉంటారు."

ఎవరో! బ్రౌజర్ సెట్టింగుల్లోకి వెళ్ళి నోటిఫికేషన్ల జాబితా తెరిచింది. అనుమతి ఉన్న వెబ్‌సైటు ఒకే ఒకటి ఉంది. చిరునామా చూడగానే గుర్తుపట్టాను. ఉచితమా, డబ్బుదా అన్న వ్యాసాల్లో నాకు అన్నిటికంటే నచ్చినది అక్కడిదే. రోబోను కానని రుజువు చేసుకున్నది కూడా అక్కడే. అమ్మాయి ఒక్క నొక్కుతో అనుమతి తీసేసింది. పదిహేడు వైరస్‌లూ పోయాయి.

"మరి ఇన్ని కాపలాలు పెట్టాను కదా, ఒక్కటీ పట్టలేదేమిటి?"

"లోపలికి రమ్మని మీరే పిలిచారుగా" అని ప్రింటు తీసుకుని వెళ్ళిపోయింది.

తర్వాతి రెండు గంటలూ వీడ్కోళ్ళకు సరిపోయాయి. ఉచితమైనది తీసేస్తుంటే 'మమ్మల్ని ఎందుకు వదిలి వెళుతున్నారు?' అని ఆరు కారణాల జాబితా ఇచ్చింది. నా కారణం అందులో లేదు. ట్రయల్‌ది మామూలుగా తీస్తే పోలేదు. దాన్ని పెకలించడానికి ఆ సంస్థ వాళ్ళే చేసిన మరో చిన్న ప్రోగ్రామ్ దించుకోవలసి వచ్చింది. ప్రోగ్రామ్ తీసేసినంత మాత్రాన చందా రద్దు కాదని, ఆ సంస్థ వెబ్‌సైటులోకి వెళ్ళి ఆటోమేటిక్ రెన్యువల్‌ను విడిగా ఆపాలని కూడా అప్పుడే తెలిసింది. ఆ బొత్తాం దొరకడానికి నాలుగు పేజీలు లోపలికి నడవాలి.

కంప్యూటర్ ఆపి మళ్ళీ వేస్తే, నిమిషంలోపే లేచింది. మూలన చిన్న డాలు బొమ్మ, దాని మీద ఆకుపచ్చ టిక్కు. డిఫెండర్. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచీ పూర్తి స్థాయి యాంటీవైరస్‌గా విండోస్‌లోనే కాపురముంటోంది. మరో యాంటీవైరస్ వస్తే పేచీ లేకుండా పక్కకు తప్పుకోవడం, అది వెళ్ళిపోతే వచ్చి మళ్ళీ పని అందుకోవడం దాని పద్ధతి. కోపం లేదు, ఎందుకు తెచ్చావన్న నిష్ఠూరం లేదు. కాస్త సిగ్గేసింది.

ఆ రాత్రి బావమరిది ఫోను చేశాడు.

"ఏది కొన్నారు బావా?"

"ఏదీ కొనలేదు. ఉన్నదే చాలనుకున్నాను."

"మీ ఇష్టం. నేను మాత్రం ఈ విషయంలో రాజీపడను. నిన్నటి నుంచి గడువు ముగిసిందని ఎర్ర పెట్టె చూపిస్తోంది. చందా మొన్న నెలలోనే కట్టాను, అయినా ఎందుకు తెగింపు అని ఇప్పుడే మళ్ళీ కట్టబోతున్నాను."

"ఆ పెట్టె అడుగున చిన్న అక్షరాలు ఏమున్నాయో ఒకసారి చదువు."

అవతల కుర్చీ ముందుకు జరిగిన చప్పుడు వినిపించింది. తర్వాత చాలాసేపు ఏమీ వినిపించలేదు.

"బావా" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి, "మీ అమ్మాయి మెలకువగా ఉంటే ఒకసారి పిలుస్తారా?"