కవరు మీది హవాయి, గాడిలోని హవాయి

అమెరికాలో పాత సామాన్ల దుకాణానికి వెళ్లి రికార్డుల పెట్టె తిరగేస్తే హవాయి పేరున్న ఎల్పీ (నిమిషానికి 33 చుట్లు తిరిగే పెద్ద రికార్డు) ఒకటైనా చేతికి తగులుతుంది. కవరు నిండా కొబ్బరిచెట్లు, అస్తమిస్తున్న సూర్యుడు, పూలదండ వేసుకున్న అమ్మాయి. ధర ఒకటి రెండు డాలర్లు. సేకరణ పిచ్చి ఉన్నవాళ్లు కూడా వీటిని పక్కకు నెట్టేస్తుంటారు. కవరును బట్టి తీర్పు చెప్పడం వల్ల వచ్చే నష్టమిది. లోపల వాయించిన చేతుల్లో గొప్ప చేతులున్నాయి.

ఇన్ని రికార్డులు అచ్చవడానికి కాలం కలిసొచ్చింది. వైకీకీలోని మోవానా హోటల్ మర్రిచెట్టు నీడన 1935లో మొదలైన ‘హవాయి కాల్స్’ రేడియో కార్యక్రమం 1975 దాకా సాగింది. స్టీరియో ఎల్పీలు 1958లో బజారుకొచ్చాయి. 1959 ఆగస్టు 21న హవాయి అమెరికాకు 50వ రాష్ట్రమైంది. ఇక ప్రతి కంపెనీ తన హవాయి రికార్డు తను వేసుకుంది.

అందులో బాగా దొరికేది పియానో వాద్యకారుడు మార్టిన్ డెనీ బృందం చేసిన ‘ఎగ్జోటికా’. 1957లో మోనోగా వచ్చింది. 1958లో స్టీరియో కోసం మొత్తం మళ్లీ వాయించారు. మోనోలో వైబ్రాఫోన్ (లోహపు పట్టీల మీద కొట్టి వాయించే వాద్యం) ఆర్థర్ లైమన్‌ది, స్టీరియోలో జూలియస్ వెక్టర్‌ది. అంటే ఒకే పేరుతో రెండు వేర్వేరు కచేరీలు. రెండూ దొరికితే రెండూ కొనాలి. రికార్డులో వినిపించే పక్షుల కూతలు బృందంలోని ఆగీ కొలోన్ గొంతులోంచి వచ్చినవే. బర్మా గంటలు, లాటిన్ తాళాలు కలిసిన ఈ సంగీతాన్ని హవాయి సంగీతం అనలేం, హవాయి హోటళ్లలో పుట్టిన సంగీతం అనాలి. లైమన్ విడిగా చేసిన రికార్డులు హోనలులులోని కైజర్ అల్యూమినియం గోపురంలో, రాత్రి సద్దుమణిగాక తీసినవి. వైబ్రాఫోన్ స్వరం చివర ఆ గోపురం మోగడం తెలుస్తుంది.

అసలు హవాయి సొత్తు స్టీల్ గిటార్. 1889 ప్రాంతంలో జోసెఫ్ కెకుకు దీనికి రూపమిచ్చాడంటారు. గిటార్‌ను ఒళ్లో పడుకోబెట్టి, తంత్రుల మీద ఉక్కు కడ్డీ జరుపుతూ వాయిస్తారు. గోటువాద్యం విన్న చెవికి ఇది కొత్త కాదు: మన జారు గమకంలాగే స్వరం నుంచి స్వరానికి తెగకుండా పాకుతుంది. పేరులేని స్టూడియో బృందం చేసిన చౌక రికార్డులోనూ ఒక్కోసారి ఈ చెయ్యి అద్భుతంగా పలుకుతుంది.

ఈ తీపి వెనక ఒక చేదు ఉంది. 1893లో హవాయి రాజ్యాన్ని ఏలుతున్న లిలియువోకలాని రాణిని గద్దె దించారు. 1896 చట్టంతో బడుల్లో ఇంగ్లిష్ తప్ప హవాయి భాష లేకుండా పోయింది. ఆ రాణి రాసిన ‘అలోహా ఓయ్’ పాట ఈ ఎల్పీల్లో పర్యాటకుల వీడ్కోలు పాటగా మిగిలింది. అది తెలిశాక ఆ పాట వేరేగా వినిపిస్తుంది, వినిపించాలి కూడా.

ఇక కొనే సంగతి. స్టీల్ గిటార్, వైబ్రాఫోన్ స్వరాలు సన్నగా చాలాసేపు సాగుతాయి. పాప్ పాటలో డ్రమ్ముల కింద దాక్కునే చిటపట ఇక్కడ దాగదు. పైగా చాలా కాపీలు బరువైన పాత పికప్‌ల కింద అరిగినవే. రికార్డును దీపం కింద ఏటవాలుగా పట్టుకోండి. నల్లగా మెరవాల్సిన గాడి బూడిదరంగుకు తిరిగితే అరిగినట్టే, ఎంత కడిగినా బాగుపడదు. దుకాణంలో ప్లేయర్ ఉంటే ఒక వైపు చివరి పాట ముందు వినండి. లోపలి గాడుల్లోనే ముందుగా జీర వస్తుంది. మోనో రికార్డింగును సాగదీసి చేసిన దొంగ స్టీరియోను, కవరు మీద ‘డ్యువోఫోనిక్’ అని ఉన్నదాన్ని వదిలేయండి.

దుమ్ము మాత్రం పోతుంది. 4 పాళ్ల డిస్టిల్డ్ వాటర్‌కు 1 పాలు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, లీటరుకు రెండు చుక్కల గిన్నెల సబ్బు. లేబుల్ తడవకుండా, మైక్రోఫైబర్ గుడ్డతో గాడి వెంబడి గుండ్రంగా తుడవాలి, అడ్డంగా కాదు. తర్వాత ఒట్టి డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ తుడవకపోతే సబ్బు పొర గాడిలో ఎండి ముల్లుకు అంటుకుంటుంది. నిలబెట్టి పూర్తిగా ఆరనిచ్చాకే కవర్లో పెట్టాలి. మోనో రికార్డుకు ఆంప్లిఫయర్‌లో మోనో బటన్ నొక్కండి. మోనో గాడిలో సంగీతం పక్కలకే కదులుతుంది. ముల్లు పైకీ కిందికీ ఊగడం వల్ల పుట్టే రొద రెండు ఛానెళ్లూ కలిస్తే రద్దవుతుంది.

ఇండియాలో వెతికేవాళ్లకు కలకత్తా ఫ్రీ స్కూల్ స్ట్రీట్ రికార్డు దుకాణాలు మంచి చోటు. 1940లలో స్టీల్ గిటార్ వాద్యకారుడు టావు మో ఆ ఊళ్లో ఉండి హవాయి గిటార్ (అదే స్టీల్ గిటార్) నేర్పాడు. తర్వాత సునీల్ గంగూలీ లాంటివాళ్లు అదే గిటార్ మీద సినిమా పాటల బాణీలు వాయించి రికార్డులిచ్చారు. అక్కడ పాత 78 ఆర్పీఎం లక్క రికార్డులు దొరికితే ఒక్కటి గుర్తుంచుకోండి: పైన చెప్పిన ద్రావణం వాటికి తగలకూడదు, ఆల్కహాల్ లక్కను కరిగిస్తుంది. వాటి గాడి వెడల్పు. ఎల్పీ ముల్లు అడుగున పడి గరగరలాడుతుంది, 3 మిల్ (అంగుళంలో వెయ్యోవంతు ఒక మిల్) ముల్లు విడిగా కొనుక్కోవాలి.