పుంక్వా గుహలకు పూట చాలదు
చెక్ రిపబ్లిక్‌లోని బ్ర్నో నగరం నుంచి పుంక్వా గుహలకు పూటలో వెళ్లి రావచ్చు, టికెట్ అక్కడే కొనుక్కోవచ్చు అన్న మాట వేసవి శని, ఆదివారాల్లో కుదరదు. దూరం పెద్దదేం కాదు; బ్లాన్‌స్కో దాకా రైలు, అక్కడి నుంచి స్కాల్నీ మ్లీన్‌కు బస్సు. చిక్కంతా టికెట్ మీద వేసే ప్రవేశం టైముతోనే. గుహలో కొంత భాగం నడిచి, కొంత భాగం లోపలి పుంక్వా నది మీద పడవలో చూడాలి; ఆ పడవలు చిన్నవి, సీట్లు ఆన్‌లైన్‌లో ముందే అయిపోతాయి. పైగా బస్సు దిగగానే గుహ వచ్చేసిందనుకుంటారు, ఇంకా కిలోమీటరుకు పైనే నడవాలి. ఆ నడకను లెక్కలో వేసుకోకపోతే టైము దాటిపోతుంది. బయట ఎంత ఎండ కాసినా లోపల 8 డిగ్రీలే. నడిచినంతసేపూ తెలియదు గానీ, పడవలో కదలకుండా కూర్చున్నాక చలి పట్టేస్తుంది, స్వెట్టర్ ఉండాల్సిందే. భారీ వానలకు పుంక్వా నది పొంగితే పడవ ఆపేసి, నడిచే భాగం మాత్రమే చూపిస్తారు. మధ్యలో మాట్సోఖా అగాధం అడుగున కాసేపు నిలబడతాం. దాని 138 మీటర్ల లోతు తెలియాలంటే మాత్రం కొండెక్కి పై అంచు నుంచి కిందికి చూడాలి, అందుకు ఇంకో గంటన్నర.