ఆల్టర్నేట్ టేకు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ఆల్టర్నేట్ టేకు గారికి నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు కూడా ఒక పాత జాజ్ ఆల్బమ్ తాజా ముద్రణలో, రెండో ట్రాకుకూ మూడో ట్రాకుకూ నడుమ జొరబడి, బోనస్ అన్న బిరుదు తగిలించుకుని, సుఖంగా ఉన్నారని తలుస్తాను.

తమ పూర్వచరిత్ర ఎత్తడం మర్యాద కాదు గానీ, ఈ లేఖ చదివే తక్కినవారి కోసం చెప్పక తప్పదు. వాద్యబృందం స్టూడియోలో ఒక పాటను నాలుగైదుసార్లు వాయిస్తుంది, ఒక్కో వాయింపునూ టేకు అంటారు. వాటిలో ఒకటి నచ్చి రికార్డుకెక్కుతుంది, తక్కినవి అటకెక్కుతాయి. ఆ అటకెక్కినవారే తమరు. ఎల్పీ రికార్డుల కాలమంతా తమరు సాధారణంగా ఆ అటక మీదే బుద్ధిగా ఉన్నారు, ఎందుకంటే రెండు వైపులా కలిపి నలభై నిమిషాలు దాటితే ఆ నల్లపళ్ళెంలో చోటు ఇరుకయ్యేది. 1980లలో సీడీ వచ్చింది. 74 నిమిషాల చోటులో నలభై నిమిషాల ఆల్బమ్ పోయగా మిగిలిన ఖాళీని చూసి, అద్దెకివ్వని గదిని చూసిన ఇంటి యజమానిలా, కంపెనీలవారి ప్రాణం ఉసూరుమంది. అప్పుడు వారు నిచ్చెన వేసుకుని అటకెక్కారు, తమర్ని దింపి దుమ్ము దులిపారు, ఇదివరకెన్నడూ విడుదల కాలేదని అట్ట మీద గర్వంగా అచ్చువేశారు. ఎందుకు విడుదల కాలేదో మాత్రం వేయలేదు.

నా బాధ ఇంతటితో ఆగితే ఈ లేఖ రాసేవాణ్ణి కాదు. అసలు పాట అయిందో లేదో, ఊపిరి తీసుకునే వ్యవధి కూడా ఇవ్వకుండా, తమరు వెనకే తగులుకుంటారు. అదే ఎత్తుగడ, అదే ట్రంపెట్, అదే ముక్తాయింపు. ఒక ఆదివారం నాడు మా ఆవిడ వంటింట్లోంచి, "ఏమండీ, సీడీ మీద గీత పడిందేమో చూడండి, వచ్చిన పాటే మళ్ళీ వస్తోంది," అంది. అది గీత కాదనీ, వేరే టేకనీ, పియానో ఆయన ఇందులో రెండో ఆవర్తం వేరుగా వాయించాడనీ ఎంతో ఓపికగా వివరించాను. "ఆయనకు నచ్చకేగా తీసేశాడు, మరి మనకెందుకు నచ్చాలి?" అని అడిగి, కుక్కర్ మూడో కూత కూయగానే స్టవ్ కట్టేసింది. ఆ ప్రశ్నకు జవాబు కోసమే తమకు ఈ లేఖ.

తమరి వల్ల ఒక అబద్ధం బయటపడిన మాట మాత్రం ఒప్పుకుంటాను. ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 1959లో చేసిన 'కైండ్ ఆఫ్ బ్లూ' ఆల్బమ్ అట్ట వెనక, ప్రతి పాటా పూర్తిగా వాయించిన మొట్టమొదటిసారే రికార్డుకెక్కిందన్న అర్థం వచ్చేలా పియానో వాద్యకారుడు బిల్ ఎవాన్స్ రాశాడు. అది చదివి మేము దశాబ్దాలపాటు చెంపలు వేసుకున్నాం. తీరా 1997 సీడీలో తమరు 'ఫ్లమెంకో స్కెచెస్' పేర చివరన ప్రత్యక్షమై, పూర్తిగా వాయించిన మొదటి టేకును నేనే, ఆల్బమ్‌కెక్కింది ఆరోది అని సాక్ష్యం చెప్పారు. పోనీ, సాక్షి వాయించింది బాగుందా అంటే, బాగుంది. అదే నన్ను మరీ ఇబ్బంది పెట్టే సంగతి.

అంతకంటే పాత కేసు ఇంకొకటుంది. 1945 నవంబరు 26న శాక్సఫోన్ వాయించే చార్లీ పార్కర్, ట్రంపెట్ వాయించే డిజ్జీ గిలెస్పీ కలిసి 'కోకో' అన్న పాట మొదలుపెట్టారు. ఎత్తుగడ అయిపోయి, ఏ పాట స్వరపథం మీద దాన్ని కట్టారో ఆ 'చెరోకీ' అసలు బాణీలోకి దిగారో లేదో, ఎవరో కేకేసి ఆపేశారు. ఆ బాణీ వినిపిస్తే దాని స్వరకర్తకు రాయల్టీ ముట్టజెప్పాలన్న బెంగే కారణమంటారు. రెండోసారి బాణీని ఎగరగొట్టి నేరుగా అప్పటికప్పుడు అల్లే కల్పనలోకి దూకారు, చరిత్ర పుట్టింది. ఆగిపోయిన మొదటి ముక్క తమ వంశంలోనిదే. నిమిషం కూడా నిండని ఆ ముక్కను నేను భక్తిగా వింటాను, అసలు పాట కంటే ఎక్కువసార్లు విన్నానని మా ఆవిడకు తెలియదు.

మా అవధానంలో పృచ్ఛకుడు సమస్య ఇస్తాడు, అవధాని క్షణకాలం కళ్ళు మూసుకుని పూరణ చెబుతాడు. ఆ క్షణంలో ఆయన మనసులో యతి కుదరక రాలిపోయిన పాదాలెన్నో ఎవరికీ తెలియదు, వాటిని పోగుచేసి అచ్చువేసి అమ్మినవాడూ లేడు. శాక్సఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్‌కు ఆ అదృష్టం లేదు. అట్లాంటిక్ అనే రికార్డు కంపెనీలో ఆయన చేసిన రికార్డింగులను 1995లో ఏడు సీడీల పెట్టెగా తెచ్చినప్పుడు, ఏడో సీడీని తమ బంధుగణానికే రాసిచ్చారు. పాట ఎత్తుకోవడం, తడబడటం, మాట్లాడుకోవడం, మళ్ళీ ఎత్తుకోవడం. ఆయన 1967లోనే పోయాడు కాబట్టి వద్దనడానికి లేడు.

తమరు పుట్టడానికి వీల్లేని చోటు ఒకటుంది, వినండి. పియానో వాద్యకారుడు థెలోనియస్ మంక్ 1956లో 'బ్రిలియంట్ కార్నర్స్' పాటను రికార్డు చేయబోయి, పాతికసార్లు ఎత్తుకున్నా ఒక్కసారీ చివరిదాకా వెళ్ళలేకపోయాడు. బాస్ వాద్యం వినబడకపోతే మైకు చెడిందేమోనని నిర్మాత ఆరిన్ కీప్‌న్యూస్ అనుమానించాడట. చూస్తే బాస్ వాయించే ఆస్కార్ పెటిఫోర్డ్ తీగ మీటకుండా మీటుతున్నట్టు చేతులాడిస్తున్నాడు. చివరకు కీప్‌న్యూస్ ముక్కలు కోసి అతికించి పాట తయారుచేశాడు. అసలు టేకే లేని పాటకు ఆల్టర్నేట్ టేకు ఎక్కడినుంచి వస్తుంది? ఆ ఆల్బమ్ వింటున్నంతసేపూ నాకు ఎంతో నిబ్బరంగా ఉంటుంది.

న్యాయంగా చూస్తే తమ స్థానం దక్కవలసిన మనిషి టామీ ఫ్లానగన్. 1959 మే నెలలో కోల్ట్రేన్‌తో కలిసి ఆయన పాట 'జయంట్ స్టెప్స్' వాయించేటప్పుడు, ఊపిరాడని ఆ వేగంలో స్వరాలు మారిపోతుంటే, ఫ్లానగన్ పియానో వంతు రాగానే నాలుగడుగులు వేసి, తడబడి, ఒట్టి స్వరగుచ్ఛాలు నొక్కుతూ ఒడ్డు చేరాడు. అదే మాస్టర్ టేకయింది, అంటే ఆల్బమ్‌కెక్కింది, అరవై ఏళ్ళకు పైగా ప్రపంచమంతా వింటోంది. అంతకు ముందు మరో పియానో వాద్యకారుడు సీడర్ వాల్టన్‌తో కాస్త నిదానంగా వాయించినది తమ ఖాతాలోకి పోయింది, అందులో వాల్టన్ తన వంతే తీసుకోలేదు. ఫ్లానగన్ 1982లో అదే పాటను మళ్ళీ రికార్డు చేసి ధాటిగా వాయించాడు. ఇరవైమూడేళ్ళ తర్వాత వచ్చిన టేకును ఏ పెట్టెలో పెడతారో తమరే సెలవివ్వాలి.

నా విన్నపం చిన్నది. తమర్ని పారవేయమనను, మానేయమనను. అసలు ఆల్బమ్ అయిపోయాక, అందరూ లేచి వెళ్ళాక, చివరన కూర్చోండి. ఒక్క టేకుకు మాత్రం ఈ నిబంధన వర్తించదు. 1961 జూన్ 25, ఆదివారం, న్యూయార్కులోని విలేజ్ వాన్‌గార్డ్ అనే జాజ్ క్లబ్బులో గ్లాసుల చప్పుడు, జనం మాటల నడుమ బిల్ ఎవాన్స్ ముగ్గురి బృందం 'గ్లోరియాస్ స్టెప్' వాయిస్తుండగా కరెంటు పోయి టేపు ఆగింది. బాస్ వాయించిన స్కాట్ లఫారో ఆ తర్వాత పదకొండో రోజున కారు ప్రమాదంలో పోయాడు. కరెంటు మింగిన ఆ క్షణాలతో సహా ఆ టేకును 2005లో బయటపెట్టారు. అది మొదటిసారి వింటూ, పాట చటుక్కున తెగగానే, నేను తలెత్తి మా హాల్లో ఫ్యాను వంక చూశాను. తిరుగుతూనే ఉంది.

ఇట్లు,
డబ్బిచ్చి తమర్ని కొన్న ఒక శ్రోత