ఊదా రంగు గొరిల్లా

అన్నయ్యా వదినా బయటికెళ్తూ పిల్లని నాకప్పగించారు. టీవీలో మగిల్లా గొరిల్లా పెట్టాను. 1964 నాటి హన్నా-బార్బెరా కార్టూన్. పెంపుడు జంతువుల షాపు ఓనరు పీబుల్స్ ఆ గొరిల్లాని ఎలాగోలా అమ్మేస్తాడు, కాసేపటికి అది మళ్లీ షాపులోనే ఉంటుంది. "ఎలాగూ తిరిగొచ్చేస్తుందిగా, ఇంక అమ్మడం ఎందుకు బాబాయ్?" అని పిల్ల పెదవి విరిచింది.

దీన్ని మించిన గొరిల్లా ఇంకోటుందన్నాను. 1975లో వచ్చిన గ్రేప్ ఏప్. 40 అడుగుల ఎత్తు, ఒళ్లంతా ఊదా రంగు. బీగిల్ బీగిల్ అనే కుక్క దాని నేస్తం. నోరు తెరిస్తే చాలు, మాట చివర తన పేరే రెండుసార్లు చెప్పుకుంటుంది.

ఇక రిమోట్. ఎవరో మహానుభావుడు దానిమీద అంకెలన్నీ పీకేసి ఒక్క మైకు బొమ్మ పెట్టాడు. అక్షరం అక్షరం ఏరుకుంటూ టైపు చేస్తే పిల్లకి పెళ్లీడు వచ్చేస్తుంది. మైకు నొక్కి "గ్రేప్ ఏప్" అన్నాను. ద్రాక్ష తీగల కత్తిరింపు వీడియోలొచ్చాయి. మూతి తిప్పి దొరగారిలా అన్నాను. కారే పైపుకి టేపు చుట్టడం ఎలాగో చూపించింది.

"అది అన్నట్టే అనాలేమో బాబాయ్."

సబబుగానే తోచింది. లేచి నిలబడ్డాను. కాళ్లు ఎడం చేసి, రిమోట్ నోటికి ఆనించి, బొడ్డు దగ్గర్నుంచి గొంతు తీసి "గ్రేప్ ఏప్! గ్రేప్ ఏప్!" అన్నాను. "ఇంకా లావుగా" అంది పిల్ల. ఖాళీగా ఉన్న చేత్తో రొమ్ము బాదుకున్నాను. కార్టూన్‌లో అది బాదుకుంటుందో లేదో పక్కన పెట్టండి, అసలు గొరిల్లాలు బాదుకుంటాయి. అదీ సినిమాల్లోలా పిడికిలితో కాదు, అరచేతులు కాస్త దోసిలిలా వంచి. అందుకే టపటపమని అంత దూరం వినిపిస్తుంది. నేనూ అరచేత్తోనే బాదుకున్నాను. చేసే పని పద్ధతిగా చెయ్యాలి కదా.

పద్ధతిగా చేశాననడానికి సాక్ష్యం, గుమ్మంలో నిలబడ్డ పైఇంటాయన.

"పిల్ల కోసమండీ" అన్నాను. పిల్ల అప్పుడే సోఫా వెనక్కి జారుకుంది. గదిలో నేనూ, రిమోటూ. ఆగితే బాగుండేది, వివరించబోయాను. "40 అడుగులుంటుందండీ. ఊదా రంగు. కుక్కతో తిరుగుతుంటుంది."

"ఇప్పుడు కనిపిస్తోందా?" అన్నారాయన మెల్లగా.

లేదండీ, దానికోసమే పిలుస్తున్నానన్నాను. ఆయన నా చేతిలోంచి రిమోట్ జాగ్రత్తగా తీసుకుని, కూరలవాణ్ణి ధర అడిగినట్టు "గ్రేప్ ఏప్" అన్నారు. తెర నిండా ఊదా గొరిల్లా! పిల్ల సోఫా వెనకనుంచి చప్పట్లు కొట్టింది. ఆయనే ఓకే కూడా నొక్కారు.

"ఈ కార్యక్రమం మీ ప్రాంతంలో అందుబాటులో లేదు."